పాత పట్టెమంచం



ఈసారి నేను ప్రసంగం రాయడం లేదు. ఒక మంచం సంగతి రాస్తున్నాను. మా సంఘంలో ఇద్దరు ముగ్గురు, "అయ్యగారూ, ఆ పాత మంచాన్ని ఎలా బాగుచేశారో మన పత్రికలో రాయండి, నలుగురికీ పనికొస్తుంది" అని అడిగారు. పని గురించి రాయాలంటే ఆ పని చేస్తున్నప్పుడు మా ఇంట్లో జరిగిన గొడవ గురించి కూడా రాయక తప్పదు. మా ఇంటావిడను అడిగి, ఆమె సరేనన్న తరువాతే కలం పట్టుకున్నాను.

2023 వేసవిలో మా పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. అబ్బాయిది పక్క మండలం. చిన్న ఉద్యోగం, మంచి కుటుంబం. కట్నం ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు అని మొదటి రోజే రెండు వైపులా అనుకున్నాం. 1961 నుండి కట్నాన్ని నిషేధించే చట్టం ఉన్న దేశం మనది. ఆ చట్టం గురించి ఎన్నో పెళ్ళిళ్ళలో నేను ప్రసంగించాను కూడా. వియ్యాలవారు మంచివారు, ఏమీ అడగలేదు. కాని అడగకపోయినా పెట్టాల్సినవి అని కొన్ని ఉంటాయి. మంచం, బీరువా, బల్ల, వంట సామాను. పెళ్ళయిన మర్నాడు ట్రాలీ ఆటోలో సామాను దిగుతుంటే వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుంది. ఏమిచ్చారో లెక్కపెడుతుంది. ఇది మన ఊళ్ళలో అందరికీ తెలిసిన సంగతే.

బీరువాకు దిగులు లేదు. మా ఇంటావిడ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఇనుప బీరువానే అమ్మాయికి ఇవ్వాలని ముందే అనుకున్నాం. మంచం దగ్గరే చిక్కు వచ్చింది. పట్టణంలో దుకాణానికి వెళ్ళి అడిగితే టేకు మంచం 42,000 రూపాయలు అన్నారు. నా జీతం సంగతి మీకు తెలియనిది కాదు. సేవకుని ఇంట్లో నెలాఖరుకు ఏమి మిగులుతుందో సేవకునికే తెలుసు. చేతిలో రెండు వేలు పెట్టుకుని, మిగతా 40,000 అప్పు తెద్దామనుకున్నాం. రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్న మనిషి కూడా దొరికాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే వినడానికి చిన్న మాటే. నలభై వేలకు నెలకు 800, ఏడాదికి 9,600. అసలు అలాగే ఉంటుంది. ఆ రాత్రి కాగితం మీద ఈ లెక్క వేసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు సంఘ పని మీద మళ్ళీ పట్టణం వెళ్ళాను. బజారు చివర పాత సామాన్ల అంగడి ఒకటి ఉంది. పగిలిన తలుపులు, పాత బడి బల్లలు, కిటికీ చట్రాలు గుట్టలుగా పోసి ఉంటాయి. వాటి వెనుక గోడకు ఆనించి ఒక పట్టెమంచం కనిపించింది. దాని మీద దట్టంగా నీలం రంగు. ఎవరో ఎప్పుడో వేసిన ఎనామిల్ పెయింటు, చాలాచోట్ల పెచ్చులు లేచింది. ఒక మూల ఎత్తి చూశాను. బాగా బరువుగా ఉంది. పట్టె అడుగున రంగు పడని చోట గోటితో గీకి చూస్తే తేనె రంగు కర్ర బయటపడింది. టేకు వాసన కూడా వచ్చింది. అంగడివాడు 5,000 చెప్పాడు, 3,500కు ఇచ్చాడు. నాలుగు వందలు పెట్టి ట్రాలీ ఆటోలో వేసుకుని, ఏదో గెలిచినవాడిలా ఇంటికి తెచ్చాను.

మా ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. ఒక్క మాట మాట్లాడలేదు. లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లో నుండి, "ఎవరు చచ్చిపోయిన మంచమో! కన్నకూతురికి ఇచ్చేది ఇదా?" అన్న మాట వినిపించింది.

ఆ మాటకు నేను నవ్వి ఊరుకోలేదు. చనిపోయినవారి మంచం ఇంట్లో ఉంచకూడదని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. విశ్వాసుల ఇళ్ళలో కూడా ఈ భయం పోలేదు. భూస్థాపనకు వెళ్ళిన ఎన్నో ఇళ్ళలో మంచి మంచాలను ఊరవతల పారేయడం నేను కళ్ళారా చూశాను. "ఏ పాత మంచం మీద ఎవరూ చనిపోలేదు చెప్పు? ఆ మంచం మీదే పిల్లలూ పుట్టి ఉంటారు కదా" అన్నాను. ఆమె సమాధానం చెప్పలేదు. ఆమె బాధ మంచం గురించి కాదని, నలుగురి ముందు పడబోయే చిన్నతనం గురించి అని నాకు తెలుసు. నా మనసులోనూ ఆ భయమే ఉంది, పైకి చెప్పలేదంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమే మాట్లాడింది. "1999లో మా నాన్న నాకిచ్చిన మంచం కొత్తదే. అది అప్పు చేసి కొన్నాడు. దాని వడ్డీ ఆరేళ్ళు కట్టాడు. ఆ సంగతి నాకు ఆయన పోయాక అమ్మ చెప్పింది" అంది. కాసేపాగి, "సరే, బాగుచేయండి. కాని బాగా చేయండి. బెంచీల్లాగా కాదు" అంది.

బెంచీల సంగతి మీకు చెప్పాలి. నేను వేదాంత విద్యలో డిప్లొమా ముగించుకుని మొదటి సంఘానికి వెళ్ళిన కొత్తలో, 2004 క్రిస్మసుకు మందిరంలోని బెంచీలు కొత్తగా కనబడాలని ఉత్సాహపడ్డాను. దుమ్ము దులిపి, పాత రంగు మీదే ముదురు గోధుమ రంగు ఎనామిల్ వేసేశాను. అది డిసెంబరు, మంచు కాలం. రంగు పైపైన ఆరినట్టు కనిపించింది గాని లోపల పచ్చిగానే ఉంది. క్రిస్మసు ఆరాధనలో ఆశీర్వాదం చెప్పి అందరినీ లేవమన్నాను. స్త్రీల వైపు నుండి చీరలు బెంచీల నుండి ఊడివస్తున్న చప్పుడు వినిపించింది. తెల్లచీర కట్టుకున్న పెద్దమ్మ ఒకామె వెనుక గోధుమ రంగు పట్టీతో ఇంటికి వెళ్ళింది. అదైనా నవ్వుకునే సంగతి. వచ్చిన వేసవిలో ఒక బెంచీ కాలు విరిగి ఒక వృద్ధురాలు కింద పడింది. దేవుని దయవలన ఎముక విరగలేదు. విరిగిన కాలు చూస్తే లోపలంతా చెదలు తినేసిన మట్టి. నేను వేసిన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. ఆ కాలిని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళు కావస్తున్నా మా ఇంట్లో ఆ మాట మరచిపోలేదు.

అందుకే ఈసారి సొంత తెలివి పక్కన పెట్టి మా ఊరి వడ్రంగి మేస్త్రిగారి దగ్గరకు వెళ్ళాను. డెబ్బై ఏళ్ళ మనిషి. వచ్చి మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి, "రంగు వెయ్యడం ఆఖరి రోజు పని అయ్యగారూ. ముందు ఇది ఏ కర్రో, ఎంత కర్రో తెలియాలి" అన్నాడు. ఆయనకు రెండు రోజుల కూలి ఇచ్చేటట్టు, గీకుడు పని మేమే చేసుకునేటట్టు ఒప్పుకున్నాం. "మేము" అంటే నేనూ, మా పెద్దమ్మాయీ. "నా మంచం నేనే గీకుకుంటాను నాన్నా" అని ముందుకు వచ్చింది.

ఇంట్లో పాత సామాను బాగుచేసుకోవాలనుకునేవారి కోసం పని వరుసగా రాస్తాను.

మొదట మంచాన్ని ఊడదీశాం. విప్పేముందే ప్రతి అతుకు దగ్గర రెండు వైపులా సుద్దముక్కతో ఒకే అంకె వేయించాడు మేస్త్రి. ఏ పట్టె ఏ కోడులో దూరుతుందో గుర్తు లేకపోతే తిరిగి బిగించేటప్పుడు ఏదీ సరిగా కూర్చోదు. చేతితో చేసిన సామానులో ఏ అతుకు కొలత దానిదే. అతుకులు రాకపోతే సుత్తితో నేరుగా కొట్టకూడదు. మధ్యలో ఒక చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టాలి.

తరువాత రంగు గీకడం. ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. పాతకాలపు పెయింట్లలో సీసం కలిసి ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు చేశారు, అవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేం. ఆ పొడి పీల్చితే, ముఖ్యంగా చిన్నపిల్లలకూ గర్భిణీ స్త్రీలకూ చాలా చెరుపు. కాబట్టి పొడిగా రుద్దకండి. రంగు మీద నీళ్ళు చిలకరించి, తడిగా ఉండగానే గీకండి. ముక్కుకూ నోటికీ మంచి మాస్కు పెట్టుకోండి. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరచి, రాలిన పెచ్చులన్నీ మూటగట్టి పిల్లలు, కోళ్ళు, పశువులు తిరగని చోట పారవేయండి. రంగును మంట పెట్టి కాల్చవద్దు. మేము పెరట్లో చేశాం. మా చిన్నవాడిని ఆ వారం రోజులూ అటువైపు రానివ్వలేదు. పని ముగిశాక చేతులు, ముఖం కడుక్కుని, ఆ బట్టలు వేరుగా ఉతుక్కున్నాం.

నీలం రంగు కింద ఆకుపచ్చ, దాని కింద లేత గులాబీ బయటపడ్డాయి. ఒక్కో రంగు గీకుతుంటే మా అమ్మాయి, "ఇది ఎవరి పెళ్ళికి వేశారో నాన్నా" అనేది. అన్నిటి కిందా టేకు. మూడు కోళ్ళు, నాలుగు పట్టెలు, తలవైపు పలక అన్నీ చేవ కర్రే. చెట్టు నడుమ ఉండే ముదురు భాగమే చేవ అని మీకు తెలుసు. టేకు చేవలో ఒక రకం నూనె ఉంటుంది, అందుకే చెదలు దాని జోలికి అంత తేలికగా పోవు. బెరడు పక్కన ఉండే తెల్లచెక్కకు ఆ కాపుదల లేదు.

నాలుగో కోడు దగ్గర నా గీకుడు పలక ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. మైనం, రంపపు పొట్టు కలిపిన ముద్ద బయటికి వచ్చింది. దాని వెనుక సన్నని పిండి జలజల రాలింది. ఆ ఒక్క కోడు తెల్లచెక్కతో చేసింది. పురుగు లోపలంతా తొలిచేసింది. ఎవరో ఆ గుల్లలో ముద్ద కూరి, పైన నీలం రంగు పూశారు. అమ్మినవాడి మీద నాకు కోపం వచ్చింది. కాని బెంచీలు గుర్తుకువచ్చి నోరు మూసుకున్నాను. నేను చేసిందీ అదే కదా! ఆయన డబ్బుకు చేశాడు, నేను క్రిస్మసు అందానికి చేశాను. కూర్చున్నవారు పడటంలో మాత్రం తేడా లేదు.

మేస్త్రి ఆ కోడును చూసి, "దీన్ని బాగుచెయ్యడం కుదరదు, మార్చాల్సిందే" అన్నాడు. పైపైన చిన్న రంధ్రాలుంటే మందు పోసి మూయవచ్చునట, గుల్లబారిన కర్ర మీద బరువు వేయకూడదట. నలుపలకల కోళ్ళు కావడం మా అదృష్టం, కొత్తది చేతితోనే చెక్కవచ్చు. టేకు ముక్క దొరకలేదు. ఆయన తన పెరట్లో నుండి పాత ఎడ్లబండికి చెందిన తుమ్మ ముక్క ఒకటి తెచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఎండుతోందట. ఉలి దిగడానికే చెమటలు పట్టాయి.

"టేకు మంచానికి తుమ్మ కోడా!" అని మా ఇంటావిడ మళ్ళీ బాధపడింది. మనకు తుమ్మ అంటే పొయ్యిలో పెట్టుకునే కట్టె, పొలం గట్టున ముళ్ళచెట్టు. నేను మాత్రం నిర్గమకాండము 25వ అధ్యాయం తీసి ఆమె ముందు పెట్టాను. ఎడారిలో మందసం చేయమన్నది ఏ కర్రతోనో మన తెలుగు బైబిలులో చూడండి. తుమ్మకర్రతోనే. ఆ ఎడారి చెట్టు మన తుమ్మకు దగ్గరి బంధువు. ఆమె చదివి, "మందసానికి బంగారం తొడిగారు కదండీ, మనం ఏమి తొడుగుతాం?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

కర్ర శుభ్రం అయ్యాక ఉప్పుకాగితం, అదే శాండ్ పేపరు, పట్టాం. మొదట 80 నంబరు గరుకుది, తరువాత 120, ఆఖరున 220. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు అవుతుంది. ఎప్పుడూ కర్ర చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడిన గీతలు ముందు కనబడవు, పాలిష్ వేశాక ఒక్కొక్కటీ లేచి కనబడతాయి. చిన్న పగుళ్ళలో అదే కర్ర రాలిన సన్నని పొట్టును ఫెవికాల్‌తో కలిపి కూరాం. అతుకుల్లోని పాత జిగురును గీకి, కొత్తగా ఫెవికాల్ రాసి, తాడుతో బిగించి ఒక రోజు కదలకుండా ఉంచాం. మంచం నాలుగు కాళ్ళ మీద నిలబడిన తరువాత కొత్త అడ్డబద్దలు వేయించాం.

పాలిష్‌కు లక్క వాడాం. లీటరు స్పిరిట్‌లో సుమారు 200 గ్రాముల లక్క రేకులు వేసి మూత బిగించి ఒక రాత్రి నానబెడితే కరుగుతుంది. దాన్ని సన్నని గుడ్డలో వడగట్టాలి. దూదిని పాత నూలు గుడ్డలో మూటగట్టి, అందులో ముంచి, చారల వెంట పలచగా రాయాలి. ఒక పూత ఆరిన తరువాతే మరొకటి. మేము ఆరు పూతలు వేశాం. రెండేసి పూతలకు ఒకసారి బాగా అరిగిన ఉప్పుకాగితంతో తేలికగా రుద్దాం. స్పిరిట్ భగ్గున అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని వద్దు. వర్షం పట్టిన రోజున కూడా వద్దు, గాలిలో తేమ ఉంటే లక్క తెల్లగా మసకబారుతుంది. వేడి గిన్నెలు, నీళ్ళు కూడా లక్క పాలిష్‌కు పడవు. మంచానికి సరిపోతుంది గాని భోజనాల బల్లకు వేరే వార్నిష్ చూసుకోవాలి.

లక్క అనేది ఒక చిన్న పురుగు చెట్టు కొమ్మల మీద చేసే పదార్థం. మన దేశంలో జార్ఖండ్‌లో ఎక్కువగా తీస్తారు. ఇది చెబితే మా అమ్మాయి, "ఒక పురుగు తినేసింది, ఒక పురుగు మెరుపు ఇచ్చింది" అంది.

ఇనుప బీరువాను కూడా అదే వారంలో బాగుచేశాం. తుప్పు ఉన్న చోట్ల ఎమ్రీ కాగితంతో లోహం కనబడేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి, వెంటనే రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక ఎనామిల్ రెండు పలచని పూతలు వేశాం. తుప్పు మీద రంగు వేస్తే ఆ రంగు కిందే తుప్పు పెరుగుతుంది. ఈసారి పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఒక రోజు ఆరనిచ్చానని మా ఇంటావిడ సాక్ష్యం ఇస్తుంది!

ఇక అసలు సంగతికి వస్తాను. పాలిష్ పడేసరికి మంచం బంగారంలా తయారైంది. ఆ నాలుగో కోడు మాత్రం ముదురుగా, ఎర్రగా, వేరుగా నిలబడింది. అది చూసి మేస్త్రి, "మిగతా వాటికి కూడా పాలిష్‌లో కాస్త కావిరంగు కలిపి ముదురు చేద్దాం. అప్పుడు తేడా తెలియదు, కొత్త మంచమే అంటారు" అన్నాడు. మా ఇంటావిడ ముఖం విప్పారింది. "అలా చేయండి మేస్త్రిగారూ. పాతదని ఎవరికీ చెప్పక్కరలేదు" అంది. నిజం దాచకుండా రాస్తున్నాను, నేను కూడా "సరే చేయండి" అన్నాను. అబద్ధం చెప్పడం లేదు కదా, అడిగితే కదా చెప్పడం, అని మనసులో సర్దిచెప్పుకున్నాను. పుల్పిట్ మీద నేను ఒప్పుకోని మాటను పెరట్లో ఎంత తేలికగా ఒప్పుకున్నానో చూడండి.

అప్పుడు మా అమ్మాయి మెల్లగా, "నాన్నా, పది రోజులు గీకింది మళ్ళీ కప్పడానికా?" అంది. ఎవరమూ మాట్లాడలేదు. మేస్త్రి తన డబ్బా మూత పెట్టేసి, "రేపు చెప్పండి" అని వెళ్ళిపోయాడు. ఆ రేపు రాలేదు. కోడు అలాగే ఉండిపోయింది. మా ఇంటావిడ ఆ రెండు రోజులూ నాతో ముభావంగానే ఉంది.

పెళ్ళికి మూడు వారాల ముందు పెళ్ళికొడుకు తల్లిగారు, ఇంకో ఇద్దరు ఆడవారితో కలిసి చీరల పని మీద వచ్చి, మా ఇంట్లో కాసేపు కూర్చున్నారు. మంచం వసారాలోనే ఉంది. ఆమె దాని పలక మీద చెయ్యి వేసి నిమిరి, "మంచి పని. ఎక్కడ చేయించారు వదినగారూ?" అని అడిగారు. తరువాత వంగి చూసి, "ఈ ఒక్క కోడు వేరుగా ఉందేమిటి?" అన్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. నేను ఏమి చెప్పేవాడినో నాకు ఇప్పటికీ తెలియదు. నాకంటే ముందు మా ఇంటావిడే మాట్లాడింది. "ఇది పాత మంచం వదినగారూ. కొత్తది కొనాలంటే అప్పు చేయాలి. మా నాన్న నా మంచానికి ఆరేళ్ళు వడ్డీ కట్టాడు. మా పిల్ల కాపురం ఆ వడ్డీతో మొదలుకాకూడదని పాతది కొని, మా ఆయనా అమ్మాయీ చేతులు బొబ్బలెక్కేలా బాగుచేశారు. ఆ కోడు పుచ్చిపోతే తుమ్మది వేయించాం" అంది. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆమె చేతిలో కాఫీ గ్లాసు వణుకుతోంది.

పెళ్ళికొడుకు తల్లిగారు "పాతదా?" అన్నారు. అంతే. వెంట వచ్చిన ఆడవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాఫీ తాగి, ప్రార్థన చేయించుకుని వెళ్ళిపోయారు.

తరువాత నాలుగు రోజులు అటువైపు నుండి ఫోను లేదు. పెళ్ళిపత్రికలు అచ్చుకు వెళ్ళాలి. మా ఇంటావిడ అన్నం సరిగా తినలేదు. "నేనే చెడగొట్టానేమో" అంది ఒక రాత్రి. "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేవాడినో లేదో" అన్నాను. ఇద్దరం మోకరించాం. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. పెళ్ళి నిలబడాలని అడగడానికి కూడా మాట రాలేదు.

అయిదో రోజున పెళ్ళికొడుకు తండ్రిగారు ఫోను చేశారు. పత్రికలో పేర్ల సంగతి మాట్లాడి, చివరలో, "బావగారూ, మా అటక మీద మా నాన్నగారి రాత బల్ల ఒకటుంది. రంగంతా పోయింది. అమ్మాయి వచ్చాక దానికి కూడా ఆ లక్క పాలిష్ వేయవచ్చేమో కనుక్కోమంది మీ చెల్లెమ్మ" అన్నారు. ఫోను పెట్టేశాక మా ఇంటావిడ ఏడ్చింది. ఎందుకేడ్చిందో నేను అడగలేదు.

ఆ నాలుగు రోజుల సంగతి అత్తగారే మా అమ్మాయికి తరువాత చెప్పారట. "రెండు రోజులు మనసు కష్టపడింది. మా వాళ్ళు ఏమంటారో అనుకున్నాను. మూడో రోజున అనిపించింది, పాతదని మొహం మీద చెప్పినవాళ్ళు ఇంకేదీ మన దగ్గర దాచరు కదా అని."

అందరూ అలా అనుకోలేదు. పెళ్ళి సామాను దిగిన రోజున, "పాస్టరుగారు పాత మంచం పంపాడంట" అని వాళ్ళ వీధిలో అన్నవారున్నారు. మా అమ్మాయి ఆ మాట విన్నది. కొత్త పెళ్ళికూతురికి అది నొప్పి కలిగించే మాటే, నాకూ కలిగించింది. ఇందులో నష్టమేమీ లేదని మీకు చెబితే అది కూడా రంగు పూయడమే అవుతుంది.

లెక్క చెప్పి ముగిస్తాను. మంచం 3,500, ఆటో 400, మేస్త్రికి రెండు రోజుల కూలి 1,800, తుమ్మ ముక్కకు 300, ఉప్పుకాగితాలు 240, లక్క, స్పిరిట్ కలిపి 1,100, ఫెవికాల్ 180, అడ్డబద్దలు 1,400. మొత్తం 8,920 రూపాయలు. ఆ అప్పు చేసి ఉంటే మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 9,600 అయ్యేది. పెళ్ళయిన మర్నాడు మా ఇంట్లో ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేదు. ఆ ఉదయం కుటుంబ ప్రార్థనలో మా ఇంటావిడ తన తండ్రి పేరు తలచుకుని దేవునికి స్తోత్రం చెల్లించింది.

ఆ మంచం ఇప్పుడూ గట్టిగా ఉంది. తుమ్మ కోడు మొదటికంటే నల్లబడింది, టేకు కూడా కొంచెం ముదిరింది. అయినా వేరుగానే కనబడుతుంది. వచ్చినవారు అడుగుతారట, మా అమ్మాయి చెబుతుందట.

ప్రియులారా, మీ అటకల మీద, పశువుల కొట్టాల్లో తాతల నాటి బల్లలు, పెట్టెలు, మంచాలు పడి ఉన్నాయేమో చూడండి. దింపి, ఒక మూల గోటితో గీకి చూడండి. చేవ ఉంటే ఒక్క వారం ఓపిక చాలు. పుచ్చు కనబడితే భయపడకండి, కప్పకండి, ఆ ముక్క తీసి వేరే ముక్క వేయించండి. పెళ్ళీడు ఆడపిల్లలున్న తల్లిదండ్రులారా, పిల్లతో కూడా ఆ పని చేయించండి. మా అమ్మాయి ఆ పది రోజులూ నాతో మాట్లాడినంతగా అంతకుముందు పదేళ్ళలో మాట్లాడలేదు. ఏ పిల్లకు పెళ్ళి చేసినా ఆమె వెనుక వడ్డీని పంపకండి.

మా సంఘంలో ఎవరికైనా ఈ పని నేర్చుకోవాలని ఉంటే శనివారం మధ్యాహ్నం మా పెరట్లోకి రండి. ఇప్పుడు ఒక పాత బడి బల్ల మీద పని చేస్తున్నాను. మీ మాస్కు మీరే తెచ్చుకోండి. ఉప్పుకాగితం నేనిస్తాను.

ప్రభువు మీ ఇండ్లను, మీ చేతుల కష్టాన్ని దీవించును గాక.